రవికిరణ్ సార్ బ్యాచ్‌లోకి

"మేడం, ఇంకో డౌటు."

ఓంకార్ చెయ్యెత్తగానే వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నిజాంపేటలోని ఆ కోచింగ్ సెంటర్‌లో శనివారం జావా ప్రోగ్రామింగ్ బ్యాచ్ అప్పుడప్పుడే మొదలైంది. ఓంకార్ డౌట్లు మాత్రం అప్పటికే చాలా అయ్యాయి.

ప్రియదర్శిని బోర్డు మీద రాయడం ఆపి తిరిగింది. "అడగండి."

"కార్ అని ఒక్కటే క్లాసు రాసిండ్రు. దాని నుంచి రెండు ఆబ్జెక్టులు చేసిండ్రు. మొదటి కారుకు ఎరుపు రంగు పెడితే రెండోది గూడ ఎర్రగ కావాలె గద? క్లాసు ఒక్కటే నాయె."

అందరూ గొల్లుమన్నారు. ఆమె మాత్రం నవ్వలేదు.

"టైంపాస్ కావాలంటే ఊళ్లో మాల్స్ చాలా ఉన్నాయండి. ఇక్కడికి నేర్చుకునేవాళ్లు వస్తారు."

ఓంకార్ చెవులు వేడెక్కాయి. కూర్చుని, బోర్డును ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు.

అతనిది ఖాజాగూడ. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక కంపెనీలో టెస్టర్. యాప్‌లో ఒక్కో బటన్ నొక్కి, పనిచేస్తుందో లేదో చూడడం అతని ఉద్యోగం. ఇకమీదట ఆ పని ప్రోగ్రాములే చేస్తాయని, దసరా లోపు జావా రాకపోతే ప్రాజెక్టులో చోటుండదని మేనేజర్ చెప్పేశాడు. చదివింది బీకాం. డౌట్లు రాక ఏమొస్తాయి?

క్లాసయ్యేసరికి బయట కుండపోత వాన. మెట్ల దగ్గర ఒకాయన గొడుగులు అమ్ముతున్నాడు. అన్నీ ఒకే రకం నల్ల గొడుగులు. ఓంకార్ ఒకటి కొని, పక్కకు జరిగి, ఫోన్‌లో బోర్డు ఫొటో పెద్దది చేసి చూసుకుంటున్నాడు. ప్రియదర్శిని కూడా గొడుగు కొని అతన్ని చూసి ఆగింది.

"ఇంకా అదేనా?"

"జోక్ చేయలే మేడం. నిజంగనే సమజ్ కాలే. రాకుంటే నౌకరీకే కష్టం."

ఆమె ముఖం చిన్నబోయింది. "సారీ అండి. పాత బ్యాచ్‌లో కొందరు నన్ను ఏడిపించడానికే అడిగేవారు. మీరూ అంతే అనుకున్నాను."

ఆమె తన గొడుగు పైకెత్తింది.

"ఈ రెండూ ఒకే డిజైన్‌తో చేసినవి. ఆ డిజైనే క్లాస్. డిజైన్ పట్టుకుని వానలో వెళ్లలేం కదా? చేతిలో ఉన్న గొడుగు ఆబ్జెక్ట్." టప్పుమని తెరిచింది. "నాది తెరుచుకుంది. మీది?"

"లేదు."

"ఎందుకని?"

"మీది మీదే, నాది నాదే." అంటూనే ఓంకార్ కళ్లు పెద్దవయ్యాయి. "అంటే కార్ల రంగులు గూడ గంతేనా!"

"అంతే. ప్రోగ్రాంలో న్యూ అని రాసిన ప్రతిసారీ కొత్తది ఒకటి తయారవుతుంది."

"మరి న్యూ రాయకుంట, రెండో పేరు ఈజ్ ఈక్వల్ టు మొదటి పేరు అని రాస్తే?"

"కొత్తది రాదు. ఒకే గొడుగు ఇద్దరు పట్టుకున్నట్టు..." అని ఆమె సగంలో ఆగిపోయింది. ఓంకార్ వాన వైపు చూశాడు.

ఆ తర్వాత ప్రతి శనివారం క్లాసయ్యాక చాయ్ దుకాణం దగ్గర డౌట్లు సాగాయి. జావాతో మొదలై కాకినాడలో ఆమె ఇంటి కబుర్లకూ, ఇక్కడి ఆమె హాస్టల్ సాంబారుకూ వెళ్లేవి. ఓంకార్ ఆఫీసులో మొదటి ప్రోగ్రాం రాసి, నడవగానే ఆమెకే ఫోన్ చేశాడు.

ఆ వారమే కోచింగ్ సెంటర్ నుంచి మెసేజ్ వచ్చింది. 'మీ బ్యాచ్ మారింది. ఇకపై రవికిరణ్ సార్ క్లాసుకు రండి.'

మార్పించింది ప్రియదర్శిని మేడమే అని రిసెప్షన్‌లో చెప్పారు. ఓంకార్ నేరుగా స్టాఫ్ రూముకు పోయాడు.

"నా డౌట్లతోని అంత పరేషాన్ అయితే మొఖం మీదనే చెప్పొచ్చు గద మేడం?"

ఆమె చుట్టూ చూసింది. గదిలో ఇంకెవరూ లేరు.

"టీచర్ కుర్చీలో ఉండి నా స్టూడెంట్‌ని ఇష్టపడడం తప్పండి," అంది నెమ్మదిగా. "రవికిరణ్ గారి స్టూడెంట్‌ని ఇష్టపడితే తప్పు లేదు. డైరెక్టర్‌కి కూడా చెప్పే మార్పించాను."

ఓంకార్‌కు నవ్వు ఆగలేదు.

"ఇంట్ల అమ్మకు చెప్పాల్నా?"

"ముందు నాకు చెప్పండి," అంది ప్రియదర్శిని.

చెప్పాడు.