దాలమ్మకు చలేసిన రోజు

కొబ్బరి పీచు పాకలో అందరి నడుములకూ వడకట్లు గురగురలాడుతున్నాయి. ఉద్దానంలో మూత్రపిండాలు చెడినవాళ్లు ఆసుపత్రి మంచాలు వదిలి ఒక తరం గడిచింది. నెత్తురును వడగట్టి, చల్లబరిచి ఒంట్లోకి పంపే పని వడకట్టుది. వాళ్లు తాళ్లు పేనుకుంటారు. మణికట్టు చర్మం కింద రక్తకావలి గింజ ఉంటుంది. పచ్చగా వెలిగితే పనికి, ఎర్రగా వెలిగితే వైద్యశాలకు.

దాలమ్మ చేతిలో తాడు జారిపోయింది. పళ్లు టకటక కొట్టుకున్నాయి.

"రక్తం నిర్మలంగా ఉంది. జ్వరం లేదు," అంది గింజ.

"దాని మొకం. ఇంత ఎండలో సలేటే నీకు?" అన్నాడు మొగుడు దండాసి.

బండి మీద వైద్యశాలకు తీసుకెళ్లాడు. తలుపు తెరుచుకోలేదు. గాజు వెనక నర్సు సుభాషిణి నిలబడింది. ఆ ఊరి పిల్లే.

"పచ్చ గింజకి తలుపు రాదు మావా. నాను లాగినా రాదు. అత్తా, కట్టు కింద ఆ తడేటి?"

దాలమ్మ చీర జరిపింది. గొట్టం ఒంట్లోకి దిగే చోట తడి పీచు చుట్టి ఉంది, కడవకు చుట్టినట్టే.

"దురదెడతంటే సుట్టాను. మనం నానేసే గోతిలో పీచే."

సుభాషిణి ముఖం వాడిపోయింది. "ఆ కుళ్లునీళ్ల పురుగు నెత్తురులోకి దిగినట్టుంది. అరుదైనవి కావలికి తెలీవు. జొరమొచ్చినా కట్టు సల్లార్చేస్తది, ఇప్పితే అత్త తట్టుకోలేదు. ఆలస్యమైతే అత్త దక్కదు మావా."

దండాసి దాలమ్మను అరుగు మీద పడుకోబెట్టి, పాకకు వెళ్లి రెండు ముక్కల్లో చెప్పాడు.

ముసలి నీలాచలం తాడు కింద పెట్టి, తన వడకట్టు కొక్కెం తీసేశాడు. "పూటకి సచ్చిపోంలే. లెగండొరే."

గురగుర ఒక్కొక్కటే ఆగింది. వడపోత ఆగితే గింజ ఎర్రబడాలి. వైద్యశాల చేరేసరికి అన్నీ ఎర్రబడ్డాయి. ఒక్క ఎరుపుకు ఒక మనిషి పట్టేంతే జరిగే తలుపు, ఇంత ఎరుపు చూసి బార్లా తెరుచుకుంది. వాళ్లు దాలమ్మను చేతుల మీద లోపలికి చేర్చి, అప్పుడు కొక్కేలు పెట్టుకున్నారు.

సుభాషిణి నెత్తురు తీసి, పాత పద్ధతిలో సీసాలో పెంచడానికి పెట్టింది. డాక్టరు ఆగకుండా మందు మొదలుపెట్టాడు. సీసాలో పెరిగింది పీచు గోతి బురదలో బతికే బాక్టీరియానే. దానికి తగ్గ మందు పడ్డాక దాలమ్మ లేచి గంజి అడిగింది.

పట్నం నుంచి అధికారి తెర మీదికొచ్చాడు. "ఆ సూక్ష్మజీవిని రక్తకావలికి నేర్పించాం. ఇకమీదట ఎవరూ వడకట్టు విప్పరు కదా?"

దాలమ్మ గంజి గిన్నె దించింది.

"పీచు మల్లీ సుట్టను బాబూ, అది నా తప్పే," అంది. "కట్టంటావా, ఎవులికి సలేసినా అందరం ఇప్పుతాం."