చెదలు పట్టని తాత

ఆ మ్యూజియంలో కొండజాతుల గదికి మొదటి నుంచీ మంచి పేరు లేదు. పగలు బడిపిల్లలు కేరింతలు కొడుతూ తిరిగే గదే. చీకటి పడితే మాత్రం వాచ్‌మన్ దాని గుమ్మం వైపు కన్నెత్తి చూడడు. పెద్దగా దగ్గుకుంటూ, అవతలి వసారా చుట్టూ తిరిగి పోతాడు.

లోపల దీపం వెలగదు. మనిషి కనబడడు. వినిపించేదల్లా... గీకుడు.

కర... కర... కర...

ముఖాలు చెక్కి నిలబెట్టిన చెక్క స్తంభాల మధ్య నుంచి. ఎవరో గోళ్ళతో — బయటి నుంచి కాదు, చెక్క లోపలి నుంచి — గీకుతున్నట్టు. ఇది వాచ్‌మన్ మాట. నాకు చెప్పినవాళ్ళు అతని నోటే విన్నారు. కాబట్టి ఉప్పూ కారం ఎవరు చల్లారో నేను చెప్పలేను.

సంగతి డైరెక్టరు గారి చెవిన పడింది. ఆయన దెయ్యాలను నమ్మరు. పురుగుల్ని నమ్ముతారు.

"చెదలో, తొలిచే పురుగో చేరి ఉంటుంది" అన్నారు మందుల మాస్టారిని పిలిచి. "ఈ రాత్రికి తేల్చండి. పురుగే అయితే, మీరిక ఇంటిపట్టున హాయిగా ఉండొచ్చు."

మందుల మాస్టారంటే మనుషులకు మందిచ్చే ఆయన కాదు. పాత చెక్కలకు సూదితో మందెక్కించి, పురుగు పట్టకుండా కాపాడటం ఆయన పని. ఇద్దరు పిల్లల చదువూ ఆ సూది మొన మీదే నడుస్తోంది. అది కాస్తా చేజారితే, ఆ వయసులో ఇంకెవడు పిలిచి పని ఇస్తాడు?

దెయ్యాలంటే పగలబడి నవ్వే మనిషి... ఆ రాత్రి గది ముందు నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"స్వామీ, ఎలాగైనా ఇది దెయ్యమే అయ్యేలా చూడు."

అవును మరి. దెయ్యమని తేలితే ఎవరి తప్పూ కాదు. పురుగని తేలితే మాత్రం తప్పు తనదే.

తలుపు తోశాడు. కిటికీలోంచి పడుతున్న వీధి వెలుతురులో చెక్క ముఖాలు వరసగా నిలబడి ఉన్నాయి. అన్నిటికన్నా ఎత్తైనది ముసలాయనది. కళ్ళు మూసి ఉన్నాయి. గడ్డం నిండా ఆకులు, భుజం మీద పిట్ట, గుండెల మీద తేనెపట్టు. ఆ చెక్కినవాడి చేతికి దణ్ణం పెట్టొచ్చు.

కర... కర...

ఆ ముసలాయన కాళ్ళ దగ్గరే!

అక్కడేదో నల్లగా... ముడుచుకుని... కదులుతోంది. అంతలో సన్నటి గొంతు —

"ఇంకొంచెం ఓర్చుకో, తాతా..."

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. అయినా, నిజం చెప్పాలంటే, ఆ భయంలోనే బోలెడు సంతోషం. పురుగులకు మాటలు రావు కదా! ఆ ధైర్యంతోనే టార్చి నొక్కాడు.

గైడమ్మాయి. ఆ ముసలాయనది ఏ కొండో ఆ కొండ పిల్లే. రోజూ ఆ గదిలో సందర్శకులకు కథలు చెప్పే అమ్మాయి. ఒక చేతిలో మేకు, ఇంకో చేతిలో అన్నం డబ్బా.

"అరవకండి, బాబాయ్..."

"నువ్వా! ఇంత రాత్రి ఏం చేస్తున్నావు? ఆ డబ్బాలో ఏముంది?"

ఆమె మూత తీసి చూపించింది. తడి మట్టి. ఆ మట్టి నిండా తెల్లగా, బిలబిలలాడుతూ... చెదలు.

మేకల దొడ్లోకి తోడేలును చంకనెత్తుకుని వచ్చిందన్నమాట. మాస్టారు నేల మీద కూలబడ్డాడు. "ఎందుకమ్మా?" అన్నాడు.

"రోజూ చెబుతూనే ఉన్నాగా, బాబాయ్. మీరూ పక్కనే ఉంటారుగా."

నిజమే. ఆమె చెబుతుంటే ఆయన వెనకాల దూదితో తుడుస్తూ తలూపేవాడు. కొండల్లో మనిషి పోతే, అతని ముఖం మాను మీద చెక్కి అడవిలో పాతుతారు. పోయినవాడు ఆ మానులో ఉంటాడు. వానకు నాని, చెదలు తిని, మాను మట్టయిననాడే అతనికి విడుదల. అందుకే ఏ పూతా పూయరు, ఏ నీడా కట్టరు. అదంతా విని, "భలే నమ్మకాలు!" అనుకుని, మాస్టారు మళ్ళీ సూది గుచ్చేవాడు.

"ఈయన మా నాయనమ్మకి నాన్న. ఈయన తర్వాత చనిపోయినవాళ్ళు కూడా మట్టయి వెళ్ళిపోయారు. ఈయనొక్కడే ఇక్కడ నిలబడిపోయాడు. నాయనమ్మ మంచాన పడింది. కళ్ళు తెరిస్తే ఒకటే మాట — నాన్న వెళ్ళాడా అని."

"మరి... చెదలు పట్టాయా?"

"ఎక్కడ, బాబాయ్! మేకుతో కన్నం చేసి పెడుతున్నానా, పెట్టినవి పెట్టినట్టే చస్తున్నాయి. మీ మందు అంత గొప్పది."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో తన పనిని అంతలా మెచ్చుకున్నవాళ్ళు లేరు. ఆ మెప్పు వింటూ ఆయన సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

పొద్దున్నే డైరెక్టరు గారి ఎదుట నిలబడ్డాడు. నిజం చెబితే అమ్మాయి ఉద్యోగం పోతుంది. పురుగంటే తనదే పోతుంది.

"దెయ్యమే, సార్" అన్నాడు. "కళ్ళారా చూశాను. ఆ పొడుగు స్తంభాన్ని కొండకు పంపెయ్యమంటోంది. లేకపోతే పై అంతస్తుకొస్తానంది."

పై అంతస్తులో ఉండేది డైరెక్టరు గారి గది. దెయ్యాలను నమ్మని ఆ పెద్దమనిషి, "మరమ్మతు నిమిత్తం" అని రాయించి, ముసలాయన్ని ఆ వారమే లారీ ఎక్కించారు. గైడమ్మాయి వెంట వెళ్ళింది. మాస్టారు తన మందుకు తానే విరుగుడు కలిపి, సీసాలో పోసి ఆమె చేతికిచ్చాడు.

లారీ వెళ్ళిన రాత్రి వాచ్‌మన్ మాస్టారిని బతిమాలాడు. "పీడ వదిలిందిగా, మాస్టారూ. తోడు వస్తే ఒక్కసారి లోపల చూసొద్దాం."

ఇద్దరూ లోపలికి అడుగు పెట్టారు. ముసలాయన ఉన్నచోట ఖాళీ. గదంతా నిశ్శబ్దం.

కర...

ఎడమ గోడ దగ్గర స్తంభం.

కర... కర...

కుడి పక్కది. దాని పక్కది. ఆ తర్వాత... అన్నీ.

వాచ్‌మన్ అప్పటికే వీధిలో ఉన్నాడు. మాస్టారు టార్చి వేసి నేలంతా వెతికాడు. మనిషి లేడు, మేకు లేదు, డబ్బా లేదు. పురుగు కాదు. అది మాత్రం ఖాయం, మందు పెట్టింది తనే కాబట్టి.

కళ్ళజోడు సర్దుకున్నాడు. దగ్గర్లో ఉన్న చెక్క ముఖం ముందు వినయంగా ఒంగి, గొంతు తగ్గించి అడిగాడు —

"తాతగారూ... తమరిది ఏ కొండండీ?"