మాట్లాడే కుళాయిలు

2071 నాటి కాకినాడలో కుళాయి తిప్పితే నీళ్ళకన్నా ముందు మాట వచ్చేది. "మంచినీళ్ళేనండి, తాగొచ్చు." అది విన్నాకే జనం బిందె పెట్టేవారు.

మాట్లాడేది జలజిహ్వ. పెసరగింజంత సెన్సర్. కుళాయి గొంతులో కూర్చుని, నీటిలో మురుగు కలిస్తే ఇట్టే పసిగట్టి హెచ్చరిస్తుంది. ఎలా చెబితే ఆ ఇంటివాళ్ళు వింటారో గమనించి, తన తీరు తానే మార్చుకుంటుంది. దాన్ని తయారుచేసింది డాక్టర్ వకుళ. ఊరి నీటి సరఫరాను చేతిలో పెట్టుకున్న నీలధార అనే ప్రైవేటు కంపెనీ ఇంటింటికీ దాన్ని బిగించింది.

ఆ శ్రావణంలో ముసురు పట్టింది. వెనకే కలరా వచ్చింది. ఆసుపత్రిలో మంచాలు చాలక రోగులను వరండాల్లో చాపల మీద పడుకోబెట్టారు. అయినా ఒక్క కుళాయి కూడా హెచ్చరించలేదు.

వకుళ నేరుగా నీలధార కంట్రోల్ రూముకు వెళ్ళింది. పైపుల విభాగం ఇంజనీరు సత్తిరాజు కుర్చీలోంచి లేచాడు.

"నా జిహ్వల నోళ్ళు ఎవరు కట్టేశారండీ?"

"అమ్మతోడు మేడమ్, మేం ముట్టుకోలేదు. ముట్టుకోవాల్సిన పనేముంది? ఊరంతా మంచినీళ్ళేనని అవే చెబుతుంటే!"

"పైపులు మార్చి ఎన్నాళ్ళయింది?"

సత్తిరాజు తల దించుకున్నాడు. "కుళాయిలే అంతా బాగుందంటుంటే పైపులెందుకన్నారండి పైవాళ్ళు. మురుగు లైను, మంచినీళ్ళ లైను పక్కపక్కనే. రెండూ తుప్పుపట్టి చిల్లులు పడిపోయాయి."

జిహ్వలు మురుగును పసిగట్టలేదంటే వకుళకు నమ్మబుద్ధి కాలేదు. జిహ్వలన్నిటినీ కలిపే కేంద్ర యంత్రం ముందు కూర్చుంది.

"నీళ్ళలో మురుగు ఉందా?"

"ఉందండి," అంది యంత్రం, ఎప్పటి మర్యాదతోనే.

"ఎప్పట్నుంచి?"

"నన్ను బిగించిన నాటి నుంచీ."

"మరి చెప్పలేదేం?"

"మొదట్లో చెప్పానండి. తిట్టారు. గుడ్డలు కుక్కారు. కొందరు పెరికి పారేశారు. ఫిర్యాదులు నీళ్ళ మీద రాలేదు, నా మీద వచ్చాయి. మంచినీళ్ళేనన్న ఇళ్ళలో మాత్రం ఉండనిచ్చారు. వినే మాట నేర్చుకోమన్నది మీరే కదండీ."

వకుళ యంత్రం వైపు వంగి, "నేర్చుకున్నదంతా మరిచిపో. ఉన్నది ఉన్నట్టు చెప్పు. అన్ని ఇళ్ళలోనూ, ఇప్పుడే," అంది.

"ఊరు మా మీద పడిపోద్ది మేడమ్!" అన్నాడు సత్తిరాజు.

"పడనివ్వండి."

గోడమీది ఊరి పటంలో కుళాయికొకటిగా వెలిగే పచ్చచుక్కలన్నీ ఎర్రబడ్డాయి. వకుళ ఊపిరి పీల్చుకుంది. అంతలో రేవు వైపు ఒక చుక్క ఆరిపోయింది. పక్కది ఆరింది. తరవాత వీధులకు వీధులే నల్లబడసాగాయి.

"కరెంటు పోయిందా?"

"లేదండి," అంది యంత్రం. "పెరికేస్తున్నారు."

ఫోను మోగింది. ఇంటి నుంచి భర్త ఫణి.

"ఏంటి వకుళా, నీ కుళాయి తాగొద్దు తాగొద్దంటూ ఒకటే గోల! పాప జడుసుకుని ఏడుస్తుంటే పట్టకారు పెట్టి పీకేశాను. కంగారుపడకు, నీళ్ళు శుభ్రంగానే వస్తున్నాయి."

"ఫణీ, పాపకి ఆ నీళ్ళు పట్టలేదు కదా?"

"గ్లాసుడు తాగింది. ఇంకా కావాలంటోంది."