కడ్డీ కొసన మూడు దెబ్బలు

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే దారిలో, ఇంజినీరింగు కాలేజీ వెనక ఒక రేకుల షెడ్డు ఉండేది. పొద్దుగూకితే ఆ దిక్కుకు ఎవరూ పోయేవాళ్లు కాదు. లోపల ‘ధాం’ అని మోగాక, కాసేపటికి వెనక గోడ అవతల ఎవరో మూడుసార్లు కొడతారని పేరు. టక్... టక్... టక్. పోయి చూస్తే ఎవరూ ఉండరు.

ఇది నాకు నూర్ అహ్మద్ చెప్పాడు. ఆ షెడ్డులో పనిచేసింది అతనే. కల్పించి చెప్పే మనిషి కాదు, అంత ఊహ కూడా లేదు పాపం.

అతని పని చెబితే నవ్వుతారు. రాళ్లు పగలగొట్టడం! సుత్తితో కాదు, రాయి ఎంత దెబ్బకు ఓరుస్తుందో చూసే పరీక్ష అది. బారుగా పడుకోబెట్టిన రెండు ఉక్కు కడ్డీల మధ్య రూపాయి బిళ్లంత రాతిముక్క పెడతారు. గాలి నింపిన గొట్టంలోంచి ఇంకో పొట్టి కడ్డీ తుపాకీ గుండు మాదిరి దూసుకొచ్చి మొదటి కడ్డీని గుద్దుతుంది. ఆ దెబ్బ కడ్డీ వెంట పాకి, రాతిని పగలగొట్టి, రెండో కడ్డీలోకి పోతుంది. కడ్డీలకు అంటించిన సన్నని తీగలు దాన్ని పసిగట్టి తెరమీద గీతగా చూపిస్తాయి. అంతా రెప్పపాటు కూడా పట్టదు.

పగలు నాపరాళ్ల లారీలకు నేల అదిరి గీత పాడయ్యేది. అందుకే పరీక్షలన్నీ రాత్రిపూటే. షెడ్డు పొడవు చాలక, రెండో కడ్డీ కొస గోడ కన్నంలోంచి బయటికి మూరెడు పొడుచుకొని ఉండేది.

అవి పార్టీల పేరుతో ఊళ్లు నిలువునా చీలిన రోజులు. దగ్గర్లో ఊరుంది కానీ, లేనట్టే. మోత వినిపిస్తే చాలు, దీపం ఆర్పి గడియ బిగించేవాళ్లు. బాంబేసినవాళ్లే తర్వాత వచ్చి తలుపు తడతారని భయం. తెల్లారేదాకా ఎవరు తట్టినా తీయరు... అది షెడ్డులో మోత అని తెలిసినా సరే.

మొదటిసారి ఆ టక్ టక్ విన్నప్పుడు నూర్ తెరవైపు చూశాడు. మొదటి కడ్డీ గీత కదలకుండా ఉంది. రెండో కడ్డీ గీత మాత్రం ఎగిరింది — మూడుసార్లు. అంటే దెబ్బ బయటి కొస నుంచి వస్తోంది.

వాచ్‌మన్ కుళ్లాయప్ప గండి ఆంజనేయస్వామికి మొక్కుకుని, టార్చి వెతుక్కుని పోయేసరికి గోడ వెనక చీకటి తప్ప ఏమీ లేదు.

“నూరన్నా... ఇది మనిషి పని కాదు. రేపట్నుంచి నేను రాను,” అన్నాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా.

ఆ తర్వాత నూర్ ఒక్కడే. ఇంటికి పోయేసరికి పిల్లలు నిద్రలో ఉంటారు, తను లేచేసరికి బడిలో ఉంటారు. మాట్లాడే దిక్కు లేదు. కొన్నాళ్లకు భయం పోయి, ఆ మూడు దెబ్బల కోసం ఎదురుచూడటం అలవాటైందట. సిగ్గుపడుతూ చెప్పాడు.

ఒక రాత్రి మీట నొక్కగానే గాలి గొట్టం బిగింపు ఊడింది.

ధాం!

ఊడిన ఇనుప ముక్క మోకాలి కింద కొట్టింది. ఎముక విరిగింది. నెత్తురు కారుతోంది, ఆగడం లేదు. లేవలేడు. ఫోను కాలేజీ ఆఫీసులో ఉంది, దానికి తాళం. అరిచాడు... గొంతు బొంగురుపోయి మాట రాకుండా పోయేదాకా అరిచాడు. ఊళ్లో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఎట్లా తెరుచుకుంటుంది?

కళ్లు మూతపడుతున్నాయి. అప్పుడు —

టక్... టక్... టక్.

దెయ్యమో, భూతమో. ఆ రాత్రి అతనికి అదొక్కటే దిక్కు. చేతికందిన స్పానరుతో కడ్డీ మీద కొట్టాడు. మూడుసార్లు.

అవతల చప్పుడు ఆగిపోయింది.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత అడుగుల చప్పుడు... పరుగు. తలుపు భళ్లున తెరుచుకుంది. తెల్లటి చీర, ముగ్గుబుట్ట తల. ముసలామె దగ్గరికొచ్చి, వంగి, అతని ముఖం రెండు చేతులతో పట్టుకుని చూసింది.

ఆమె ముఖం వాడిపోయింది.

“నువ్వా...” అంది.

మరుక్షణం కొంగు చించి కాలికి గట్టిగా కట్టు కట్టింది. ఊళ్లో గొర్రెలు కాసుకునే గంగులమ్మ. రోడ్డుకు అడ్డంపడి లారీని ఆపింది. అతన్ని దాంట్లో ఎక్కించి, ఆసుపత్రిదాకా పక్కనే కూర్చుంది.

దారిలో నూర్ గుసగుసగా అడిగాడు. “ఇన్నాళ్లూ కొట్టింది నువ్వేనా అవ్వా?”

“నేనే. ఆ గోడకాడే మా ఇల్లుండె. ఆ కడ్డీ ఉండే తావునే మా తలుపు. ఎలచ్చన్లప్పుడు ఎవురికో ఏసిన బాంబు, మంద తోలుకొస్తాండే మా ఆయప్పకు తగిలింది. గొంతు తెగింది, మాట రాలా. తలుపు కొట్టినాడు, మూడు తూర్లు. వాళ్లే వచ్చినారనుకొని నేను తీయలేదప్పా. తెల్లారి తీస్తే... గడపకు ఆనుకొని ఉండాడు.”

లారీ గతుకుల్లో ఊగుతోంది.

“అప్పట్నుంచి మోత వినపడితే పోయి కొడతాండా. పలుకుతాడేమోనని. ఈ పొద్దు పలికితివి... ఈసారి తలుపు తీసినా.”

“అక్కడ దెయ్యముందంటారు. భయం లేదా అవ్వా?”

గంగులమ్మ అతని కాలి కట్టు ఇంకొంచెం బిగించింది.

“దెయ్యమయ్యన్నా వస్తాడని పదహారేండ్లు చూస్తినప్పా... రాలేదు.”