మూడో అంతస్తులో మహిపాల్ గీత

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్ డిపో వెనక గల్లీలో ఒక బిల్డింగ్ ఉంది. పొద్దుగూకినంక దాని మూడో అంతస్తులో ఉన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు ఎవరూ పోరు. ఊడ్చే పెంటమ్మ ఎండ ఉండంగనే పని ముగించుకొని దిగిపోతది. నాలుగు నెలల కింద ఒక పొద్దున తలుపు తీసి, కుర్చీలోనే చల్లబడిపోయిన మహిపాల్‌ను మొదట చూసింది ఆమెనే. గుండె ఆగిందన్నరు. ముప్పై ఏండ్లు గూడ నిండలేదు.

ఆయన జాగకు వచ్చిన రూబీ ఆ కుర్చీలోనే కూర్చోవాల్సి వచ్చింది. ఆమె నాకు చెప్పిందే చెప్తున్న.

ఆమె చేతికి వచ్చింది డయాలసిస్ రోగులకు తారీకులు గుర్తుచేసే యాప్. మహిపాల్ సగంలో వదిలిపోయిండు. ఒక్కసారి కోడ్ రాస్తే ఆండ్రాయిడ్ ఫోన్‌లో, ఐఫోన్‌లో, కంప్యూటర్‌లో — అన్నిట్లో నడవాలె. కాని ఐఫోన్‌కు తయారుచేయాలంటే మ్యాక్ కంప్యూటర్ కావాలె. ఆఫీసులో ఉన్నది ఒక్కటే... మహిపాల్ వాడింది. పగలు దాన్ని వేరేవాళ్లు వదలరు. రూబీకి దొరికేది రాత్రే.

మూడో రాత్రి. పదకొండు అయింది. ఎడిటర్‌లో కోడ్ రాసుకుంట పోతుంటే... తెర మీద ఆమె కర్సర్ గీత కాక ఇంకొక గీత వచ్చింది.

ఆ ఎడిటర్‌లో ఎవరి కంప్యూటర్ కాడ వాళ్లుండి ఇద్దరు ముగ్గురు ఒకే ఫైల్ మీద పని చేసుకోవచ్చు. ఎవరెక్కడ ఉన్నరో ఒక్కొక్కరికి ఒక రంగు గీత, దాని మీద పేరు కనబడతయి. ఇది ఆకుపచ్చది.

పేరు — మహిపాల్.

ఆమె కదల్లేదు. అదీ కదల్లేదు.

రూబీ పది వరుసలు కిందికి పోయింది. ఆకుపచ్చ గీత ఒక్కొక్క వరుసే దిగుకుంట వచ్చింది... ఆగి, ఆగి... చీకట్లో తడుముకుంట వచ్చినట్టు. వచ్చి ఆమె పక్కన నిలబడ్డది. పైకి పోతే పైకి వచ్చింది. ఒక్క అక్షరం రాయలేదు. ఒక్కటి చెరపలేదు.

రూబీ బ్యాగు గూడ తీసుకోకుండ మెట్లు దిగింది. ఎల్బీనగర్‌లో ఇంటికి పోతే తల్లి ఎస్తేరమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది.

“ఆ కొలువు ఇడిసిపెట్టు బిడ్డా.”

“తారీకు తప్పితే మనుషులు పోతరమ్మా” అన్నది రూబీ. మళ్ల పోయింది. మళ్ల వచ్చింది గీత. వరుసగ నాలుగు రాత్రులు.

ఇగ ఓర్వలేక మేనేజర్ జగన్‌కు చెప్పింది.

“మహిపాల్ ఇంటికాడ ఆఫీసు లాప్‌టాప్ ఒకటి ఉండిపోయింది” అన్నడు. “అడగబుద్ధి కాలేదు.”

రూబీ పోయి చూస్తే మన్సూరాబాద్‌లో ఒక్క అర్ర ఇల్లు. మహిపాల్ తండ్రి రామస్వామి అప్పుడే బాటసింగారం నుంచి వచ్చిండు. పండ్ల మార్కెట్‌లో హమాలీ. లాప్‌టాప్ మూలకు పీట మీద ఉంది, తువ్వాల కప్పి.

“ఇది రాత్రిపూట తెరుస్తవా బాపూ?” అని అడిగింది రూబీ.

“తెరుస్త. వాడే ఒకపాలి చూపిచ్చిండు. తెరవంగనే వాని పేరు మీద ఆఫీసు పని దానంతటదే వస్తది.” పెద్దాయన గొంతు తగ్గించిండు. “పదకొండు కొడితే వాడు పనిల కూసుంటడు బిడ్డా. సంత్ర పండు రంగు గీత... ఉరుకుతనే ఉంటది. నాకు అక్షరం రాదు. బాణం గుర్తులు ఒత్తుకుంట ఎంట పోత. ఇంట్ల గూడ ఎవ్వలకు చెప్పలే.”

ఆ రంగు రూబీది.

ఆమె ఆ పీట పక్కన కింద కూర్చున్నది.

“అది నేను, బాపూ.”

రామస్వామి ప్లగ్గు పీకిండు. వైరు చుట్టిండు. లాప్‌టాప్‌ను తువ్వాలతో తుడిచి ఆమె ఒళ్లో పెట్టిండు.

“మరి నీకు భయం కాలేదా బిడ్డా?”

“అయింది.”

“నాకు కాలే” అన్నడు.