అగ్గువకొచ్చిన కారు

జోడ్‌భావి పేట్‌ల మా గల్లీ చివర ఒక బంద్ పడ్డ కార్ఖానా ఉన్నది. పొద్దుగూకినంక దాని షటర్ ముందటికి కుక్క గూడ పోదు. నేనైతే బీడీలు అప్పజెప్పి వచ్చేటప్పుడు కాళ్ళు ఎంత గుంజినా సరే, అశోక్ చౌక్ మీంచి చుట్టు తిరిగే ఇంటికొస్త. నవ్వుతున్నవా సరోజా? నవ్వు నవ్వు. ఒక్కసారి ఆ షటర్ ముందటికెల్లి ఒంటిగ నడిచి రా, గప్పుడు చూస్త నీ నవ్వు.

లోపట వరుసగ సాంచలు — కరెంటు మగ్గాలు — దుమ్ము పట్టి నిలబడ్డయి. కరెంటు కోసేసి ఏండ్లయింది. అయినా రాత్రయితే లోపట్నించి ఇనుము మీద ఇనుము కొట్టిన సప్పుడు. ఠంగ్… ఠంగ్… ఠంగ్. జరసేపు ఊకుంటది. మల్ల మూడు.

హరీశ్ అని, ఆడ సాంచలు రిపేరు చేసే జాబర్ ఉండె. మంచి మనిషి, కానీ నోరు ఊకుండకపోయేది. ఒకనాడు హోట్గి రోడ్ అవతల కాలువల శవమై దొరికిండు. ఏదో బండి గుద్దిపోయింది అన్నరు. పోలీసులు గూడ అట్లనే రాసుకున్నరు. గప్పటి సంది ఆ కార్ఖానాల పనికి ఒక్కడు నిలబడలే. కార్ఖానా ఓనరు శుభమ్ శేటు తాళమేసి పోయిండు.

ఇగ మా ప్రథమేశ్ ముచ్చట విను. కొంత వాడు చెప్పంగ విన్న, కొంత నా కండ్లతోని చూసిన.

ప్రథమేశ్ మా రాజారాం అన్న కొడుకు. మీసాలు ఇప్పుడిప్పుడే గట్టి పడుతున్న పోరడు. అన్నకు ఒక్కటే కన్ను — నీకు తెలుసు గదా. సాంచల అటు ఇటు ఉరికే నాడె, కొనకు ఉక్కు ముక్కు ఉంటది చూడు, అది ఒకనాడు పట్టు తప్పి ఎగిరొచ్చి కుడికంట్ల దిగింది. సగం నేసిన తువ్వాల మీద అన్న నెత్తురు కారుతుంటే, అన్నం డబ్బా ఇయ్యబోయిన పోరడు గుమ్మంల నిలబడి చూసిండు. సచ్చినా సాంచ ముందట నిలబడ అని ఆనాడే ఒట్టు పెట్టుకున్నడు.

డ్రైవింగ్ నేర్చిండు, లైసెన్సు తెచ్చుకున్నడు. సొంతంగ ఒక కారుంటే పెండ్లిళ్ళకు, స్టేషన్‌కు కిరాయి కొట్టుకొని బతకొచ్చు. కారు దొరక్కపోతే మల్ల ఆ సాంచనే దిక్కు. వాడు నిద్రల గూడ గేర్లు మార్చేటోడు పాపం.

గసంటప్పుడు శుభమ్ శేటు పిలిచి చెప్పిండంట. కార్ఖానాల నిలబెట్టిన తెల్ల సెడాన్ ఉన్నది, మంది అడిగే రేట్ల సగానికే ఇస్త, తీస్కపో అని.

“సగానికెందుకు ఇస్తున్నడ్రా? నీ మీద ప్రేమ పొంగిందా?” అని నేను.

“నిలబెడితే ఖరాబైతది గద అత్తా. సీట్ల మీద కవర్లు గూడ తియ్యలేదంట!”

“అయితే పగటిపూట పోయి చూడు. చీకట్ల తుప్పు కనపడ్తదా, సొట్ట కనపడ్తదా?”

“శేటుకు పగలు టైం లేదంట. పొద్దుగూకినంకనే రమ్మన్నడు…”

పోవద్దు అందామనుకున్న. కానీ పోరడి మొఖం చూస్తే అడ్డం చెప్పబుద్ధి కాలే. “మా బాపుకు మాత్రం చెప్పకు అత్తా” అన్నడు. ఎందుకంటే శుభమ్ శేటు పేరు వింటే అన్న ముద్ద మధ్యల వదిలేసి లేచి పోయేటోడు. కన్ను పోయిన కోపం అనుకున్నం మేం.

ఆ రాత్రి శేటు షటర్ సగం లేపి టార్చి కొట్టిండు. సాంచల నడుమ… తెల్లగ… కారు. చుట్టు చేతెడు దుమ్ము, కారు మీద మాత్రం లేదు. శేటు లోపటికి అడుగు పెట్టలే. కారు చావిని గుమ్మంలకెల్లే విసిరిండు.

“తూ చాలవ్ రే. నడిపి చూస్కో. నేను వెనక బైక్ మీద వస్త.”

“మీరు కూసోరా శేట్?”

“నాకు ఏసీ పడదు.”

గంత పెద్ద కారు పెట్టుకొని ఏసీ పడని శేటు! ఆ మాట దగ్గర్నే వెనక్కి రావాలె గదనే? రాలే. ఆశ అట్లుంటది.

ఒక్క చావికే ఇంజన్ లేచింది. అశోక్ చౌక్ దాటి హోట్గి రోడ్ ఎక్కే వరకు వాని పానం గాల్లనే ఉన్నదంట. స్టీరింగ్ వెన్న లెక్క తిరుగుతున్నది. ఈ కారు నాది, ఇంటికి పోయి బాపును ముందట కూసోబెట్టుకొని తిప్పుత అనుకుంటున్నడు…

గప్పుడు — వెనకకెల్లి —

ఠంగ్… ఠంగ్… ఠంగ్.

సరోజా, నువ్వు సాంచల మధ్య పెరగలే గాబట్టి నీకు తెల్వది. ఆ మోతల మనిషి గొంతు చించుకున్నా పక్కోనికి వినపడదు. అందుకే చేతుల ఉన్న పానాతోని ఇనుప చట్రం మీద కొడ్తరు. ఒక్కటి కొడ్తే, ఇటు చూడు. మూడు కొడ్తే, ఉన్నపాటున బంద్ చెయ్యి. ఎవని చెయ్యో ఇరికింది, ఎవని పానమో పోతున్నది అని. మూడు వినపడ్డంక ఆలోచించేది ఉండదు. చెయ్యి తనంతట తనే స్విచ్ మీదికి పోతది. మా ఇండ్లల్ల నడక రాని పిల్లలు గూడ మూడు కొడ్తే ఆట ఆపుతరు.

ప్రథమేశ్ చెయ్యి గూడ అట్లనే పోయింది. నడిరోడ్డు మీద, మంచి స్పీడుల… చావి తిప్పి ఇంజన్ బంద్ చేసిండు!

స్టీరింగ్ బండ లెక్క బిగిసింది. బ్రేకు దిగలే. వెనకకెల్లి ట్యాంకర్ హారన్ — అద్దం నిండ తెల్లటి లైటు — ఒక్క గుద్దు! కారు గిర్రున తిరిగి డివైడర్‌కు కొట్టుకున్నది. నొసలు స్టీరింగ్‌కు తగిలి పగిలింది. నెత్తురు కండ్లల్లకు కారుతుంటే తలుపు తన్ని బయట పడ్డడు.

ట్యాంకర్ ఆగలే. కారు డిక్కీ మాత్రం ఆ గుద్దుకు తెరుచుకున్నది.

వాడు ఫోన్ లైటు వేసి చూసిండు. లోపట ఎవ్వరు లేరు. కానీ డిక్కీ మూత… లోపట్నించి బయటికి సొట్టలు పడి ఉన్నది. ట్యాంకర్ బయటికెల్లి గుద్దింది, ఇవి లోపట్నించి పొడుచుకొచ్చినయి. మూడు. పక్కన మల్ల మూడు. మల్ల మూడు. మూత నిండ అవే. సందులల్ల నల్లగ ఎండిపోయిన నెత్తురు, నెత్తురుకు అంటుకొని వెంట్రుకలు…

“కాయ్ బఘ్తోస్ రే? ఏం చూస్తున్నవ్?”

శేటు బైక్ దిగి వచ్చిండు. కారును చూడలే, పోరడి నెత్తురును చూడలే. ముందుగాల డిక్కీని రెండు చేతుల ఒత్తి మూసిండు. తర్వాత ప్రథమేశ్ చెంప మీద ఈడ్చి కొట్టిండు. కింద పడ్డోని పక్కటెముకల మీద బూటుతోని తన్నిండు, మల్ల తన్నిండు.

“నా బండి పాడు చేసినవ్. ఇగ ఇది నీదే. రేపు పైసలు తెచ్చి పెట్టు. డిక్కీ ముచ్చట ఎవనికన్న చెప్తే… నీ బాపుకు ఉన్న ఒక్క కన్ను గూడ ఉండదు.”

పోరడు గోడలు పట్టుకుంట ఇల్లు చేరిండు. నేను బీడీ ఆకుల చాట ఆడనే పడేసి ఉరికిన. అన్న గుమ్మంల నిలబడి పోరడు చెప్పిందంత విన్నడు. నేను లబలబ కొట్టుకుంటున్న, శాపనార్థాలు పెడుతున్న. అన్న మాత్రం ఒక్కటే అడిగిండు.

“మూడు కొట్టంగనే బంద్ చేసినవా?”

“చేసిన బాపు. చెయ్యే పోయింది.”

అన్న గోడకు జారి కింద కూలబడ్డడు. చిన్నపిల్లగాని లెక్క వెక్కి వెక్కి ఏడ్చిండు. నా అన్న ఏడ్వంగ చూసుడు నాకు గదే మొదటిసారి, కన్ను పోయిననాడు గూడ ఏడ్వలే.

“నువ్వు చేసినవ్ రా… మేం చెయ్యలే.”

గప్పుడు బయటపడ్డది అసలు ముచ్చట. అన్న కన్ను గురించే ఆనాడు హరీశ్ శేటును నిలదీసిండంట. నాడె ఎగరకుంట సాంచలకు అడ్డం జాలీలు పెట్టవు, మనిషి కన్ను పోతే దవాఖానకు గూడ రావు, నువ్వేం మనిషివి అని. శేటు ఇనుప రాడ్ తీస్కొని సాంచల నడుమనే కొట్టుడు మొదలుపెట్టిండు. మోకాలు ఇరిగింది, దవడ ఇరిగింది. అరుపు ఆ మోతల ఎవనికి వినపడాలె? హరీశ్ పాక్కుంట పోయి పానాతోని చట్రం మీద కొట్టిండు. ఠంగ్, ఠంగ్, ఠంగ్. సాంచలు బంద్ చెయ్యున్రి, నా అరుపు గల్లీకి వినపడనియ్యున్రి అని.

“అందరికి వినపడ్డది చెల్లె యమునా. అందరి చేతులు స్విచ్‌ల మీద ఉన్నయి. శేటు రాడ్ లేపి ఒక్కొక్కని మొఖం చూసిండు. ఒక్కడు ఆపలే. నేను గూడ… కంటికి పట్టీ కట్టుకొని, నేసుకుంట నిలబడ్డ. నా కోసం కొట్లాడినోడు నా కాళ్ళ కాడ పానాతోని మూడు మూడు కొడుతుంటే.”

ఆఖరికి పానం ఉండంగనే హరీశ్‌ను ఎత్తి ఆ కారు డిక్కీల వేసిండంట. దవాఖానకు తీస్కపోతున్న అని చెప్పిండంట. కారు షటర్ దాటేదాక డిక్కీలకెల్లి మూడు, మూడు, మూడు…

ఇంత పెట్టుకొని నా అన్న ఇన్నేండ్లు అన్నం ఎట్ల తిన్నడో!

అన్న లేచి అంగీ తొడుక్కున్నడు. వద్దన్నా అని కాళ్ళు పట్టుకున్న. విదిలించుకొని కార్ఖానా దిక్కు నడిచిండు. ప్రథమేశ్ కుంటుకుంట, నేను ఏడ్చుకుంట వెనక పోయినం.

ఎవనితోనో తాడు కట్టి గుంజిపిచ్చిన కారును లోపట పెట్టడానికి శేటు షటర్ లేపుతున్నడు. చుట్టుపక్కల కార్ఖానాలల్ల రాత్రిపాళి సాంచలు దడదడ నడుస్తున్నయి.

“నా కొడుకు నీ కారు కొనడు” అన్నడు అన్న.

శేటు నవ్విండు. నవ్వుకుంటనే కారు పక్కన ఉన్న రాడ్ అందుకొని అన్న భుజం మీద దించిండు. బొక్క పటుక్కున ఇరిగింది, నాకు వినపడ్డది. అన్న మోకాళ్ళ మీద పడ్డడు. శేటు రాడ్ మల్ల లేపిండు, ఈసారి తల మీదికి. ప్రథమేశ్ ఆ చెయ్యి పట్టుకొని వేలాడిండు. నేను అరుస్తున్న, నా అరుపు నాకే వినపడుతలేదు.

అన్న కిందికెల్లే, మంచిగున్న చేత్తోని పెద్ద రాయి అందుకొని షటర్ మీద కొట్టిండు. దిక్కులు పగిలేటట్లు. మూడు.

పక్క కార్ఖానా సాంచలు ఆగినయి.

దాని పక్కది ఆగింది. ఎదురుంగది ఆగింది. ఒక్కొక్కటి, ఒక్కొక్కటి… గల్లీ అంతా నిశ్శబ్దం. సరోజా, నేను పుట్టిన సంది ఆ గల్లీని అంత నిశ్శబ్దంగ చూడలే. ఆ నిశ్శబ్దంల నా అరుపు అందరికి వినపడ్డది. నూలు అంటిన బనీన్లతోని మనుషులు బిలబిల బయటికొచ్చిన్రు, చేతులల్ల పానాలు.

శేటు రాడ్ పడేసి కారుల దూకిండు. ఆనాటి సంది ఎన్నడు ఎక్కని కారు. మంది మీదికెల్లి పోనిచ్చినంత పని చేసి, హోట్గి రోడ్ దిక్కు ఉడాయించిండు.

తెల్లారి కారు దొరికింది. అదే కాలువ ఒడ్డున. ఇంజన్ ఇంక నడుస్తనే ఉన్నది, తలుపులన్ని లోపట్నించి లాక్, డ్రైవర్ సీట్ల ఎవ్వరు లేరు. శేటు పారిపోయిండని పోలీసులు పొలాలన్ని దేవులాడిన్రు. ఆఖరికి ప్రథమేశే చెప్పిండు — డిక్కీ తెరువున్రి సాబ్ అని.

శేటు అండ్ల ఉన్నడు. మోకాలు ఇరిగి ఉన్నది, దవడ ఇరిగి ఉన్నది. చేతివేళ్ళ బొక్కలు తోలు చీల్చుకొని బయటికొచ్చినయి. డిక్కీ మూత మీద పాత సొట్టల పక్కన కొత్త సొట్టలు.

హోట్గి రోడ్ మీద చాయ్ బండోడు ఒక్కడు ఆ కారు పోవుడు చూసిండంట. వెనకకెల్లి ఎవడో కొడుతున్న సప్పుడు వాడు విన్నడు. మరి నడిపేటోడు ఎందుకు ఆపలేదని పోలీసులు అడిగిన్రు.

“ఆ సప్పుడు నడిపేటోనికి యాడ వినపడ్తది సాబ్?” అన్నడంట వాడు. “కారు లోపట సాంచలు నడుస్తుండె.”