తెడ్డెత్తిన పడవలు

మకరతీర రాజ్యానికి మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు మడ అడవి. తీరం వెంబడి పన్నెండు కావలి మంచెలు, ఒక్కో మంచెకు ఒక్కో శంఖం. పరాయి పడవ కంటబడితే శంఖం మోగాలి. అది వినగానే ఎవరు ఏ పనిలో ఉన్నా వదిలి ఒడ్డుకు పరుగెత్తాలి. అది తాతల నాటి శాసనం.

కాని ఆ ఏడాది మూడు నెలల్లో నాలుగు పల్లెలు ఖాళీ అయ్యాయి. ఎవరో సముద్రం మీదుగా వచ్చి మనుషుల్ని ఎత్తుకుపోయారు. ఒక్క శంఖమూ మోగలేదు. మన పడవలు తప్ప మరేవీ కనబడలేదని పెద్ద కావలి కొర్లయ్య మొత్తుకున్నా రాజు నమ్మలేదు. శత్రువుకు అమ్ముడుపోయాడని చెరలో వేయించి, అమావాస్యనాడు పొద్దు కుంకేలోగా ఉరి తీయమన్నాడు.

కొర్లయ్యకు ఒక్కతే కూతురు, నూకరత్నం. ఎండుచేపల మీద వాలే పిట్టల్ని తోలుతూ ఇసుకలో పెరిగిన పిల్ల. తండ్రి అబద్ధమాడడని ఆమెకు తెలుసు. మడ అడవిలోని ముని దారి చెప్పగలడని విని, తండ్రి శంఖం భుజాన తగిలించుకుని బయలుదేరింది. మోకాలి లోతు బురదలో రెండు రోజులు నడిచింది. మడచెట్ల వేళ్ళకు చుట్టుకున్న పాములు బుసకొడుతుంటే ఊపిరి బిగబట్టి దాటింది.

ముని అంతా విని నిట్టూర్చాడు. తమోముఖుడనే రాక్షసుడు తన ఓడలకు మన పడవల రూపం తొడుగుతున్నాడనీ, పట్టుకుపోయినవాళ్ళను మైకంలో ముంచి వాళ్ళచేతనే తెడ్లు వేయిస్తున్నాడనీ చెప్పాడు.

"చూసినవాడు మనవాళ్ళే అనుకున్నంతసేపే వాడి మాయ నిలుస్తుంది తల్లీ. కాదని గుర్తుపట్టి శంఖం ఊదితే తెగిపోతుంది. కాని నిజంగా మనవాళ్ళ పడవను చూసి ఊదావో, ఆ శంఖం పగులుతుంది. తీరంలో ఇక ఏ శంఖమూ పలకదు."

మాయను చూపించే కాటుక ఉన్న భరిణె ఆమె చేతిలో పెట్టాడు.

తిరుగుదారిలో ఏరు పొంగి ఉంది. నీళ్ళలోంచి పెద్ద మొసలి ఒకటి తల ఎత్తింది.

"ఈదుకుపోదామనా, పిల్లా? నా వీపెక్కు. కూలి మాత్రం ఇవ్వాలి. ఆ భరిణె అన్నా, ఆ శంఖమన్నా."

"రెండూ మా అయ్య పేణం కాసీవే. ఇంకేటన్నా అడుగు."

"అయితే నిన్నే తింటాను. ముళ్ళు తక్కువే ఉన్నట్టున్నాయి."

తెల్లవారితే అమావాస్య. నూకరత్నం భరిణెనూ శంఖాన్నీ మార్చి మార్చి చూసింది. శంఖం లేక, చూసి కూడా చెప్పలేని కావలి ఎందుకు? భరిణె మొసలి నోట్లోకి విసిరి దాని వీపెక్కింది.

మర్నాడు పొద్దు వాలుతుండగా ఆమె తన తండ్రి కాసిన మంచె ఎక్కింది. కోట ముందు ఉరికంబం కనబడుతోంది. ముప్పై పడవలు తెడ్లు నిలువుగా ఎత్తి ఒడ్డుకు వస్తున్నాయి. చేపల వేట బాగా పడితే తెడ్డెత్తడం ఆ తీరపు ఆనవాయితీ. అది చూసి ఆడవాళ్ళు గంపలతో ఎదురు వెళతారు. వట్టి చేతులతో వచ్చేవాడు సిగ్గుపడి తెడ్డు దించుకునే వస్తాడు.

"మనోళ్ళేనమ్మా. తెడ్డెత్తినారు గదా" అన్నాడు మంచె మీది కావలివాడు తేలిగ్గా.

తెరచాప మనదే. తెడ్డు ఎత్తిన తీరూ మనదే. శంఖం పెదవుల దగ్గరకు తెచ్చి ఆగింది. తప్పైతే తీరమంతా మూగబోతుంది. కళ్ళు మూసుకుని తెరిచింది, ఈసారి పడవల మీదుగా పైకి చూసింది.

"అన్నా, ఏట పడ్డ పడవ మీద ఒక్క పిట్టయినా నేదేటి?"

కావలివాడు నోరు తెరిచేలోపు శంఖం మోగింది.

పడవల రూపం చిరిగిపోయి నల్లని ఓడలు బయటపడ్డాయి. తెడ్లు పట్టినవాళ్ళు నిద్ర లేచినట్టు ఒకరినొకరు చూసుకున్నారు. తరువాత ముందున్న ఓడలోని తమోముఖుడి వైపు తిరిగారు. ఎత్తిన తెడ్లు వాడి మీదనే దిగాయి. వాడు సముద్రంలో పడి నురగై పోయాడు. అక్కడ కోట ముందు తలారి కూడా శాసనం ప్రకారం ఉరితాడు వదిలేసి ఒడ్డుకు పరుగెత్తాడు. కొర్లయ్య మెడకు తాడుతోనే నిలబడి, తన శంఖాన్ని గుర్తుపట్టి ఏడ్చాడు.

పోయినవాళ్ళలో తొమ్మిదిమంది తిరిగి రాలేదు. వాళ్ళ ఇళ్ళ ముందు రాజు తల వంచి నిలబడ్డాడు. తరువాత పన్నెండు మంచెలనూ నూకరత్నం చేతికి అప్పగించాడు. ఆమె ప్రతి మంచె మీదా ఎండుచేపలు కాసిన ఆడమనిషిని ఒకరిని నిలిపింది.

ఇప్పటికీ ఆ తీరంలో పడవ తెడ్డెత్తితే, కావలివాళ్ళు ముందు ఆకాశం వైపు చూస్తారు.